గాలిబాజాకు గోపురం అంచు

అక్షరాలు రాని ఆ రోజుల్లో నాకు ధైర్యం చాలా ఎక్కువగా ఉండేది. ఇప్పుడు ఏ తలుపు దగ్గరికి వెళ్ళినా ముందు దానిమీద ఏం రాసి ఉందో చదువుతాను. చదివాక సగం చోట్ల నుంచి వెనక్కి వచ్చేస్తాను. అప్పుడలా కాదు, తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్ళిపోవడమే. ఆక్లండ్‌లో, పాపటోయిటోయి అనే పేటకు కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నేను అలా ఒక పళ్ళ డాక్టరు ఎవరికో పన్ను పీకుతుండగా ఆయన గదిలోకి, ఒక చర్చిలో ముక్కూమొహం తెలియని వాళ్ళ పెళ్ళిలోకి, ఒకసారి మగవాళ్ళు బరువులెత్తే చోటికి తాపీగా నడుచుకుంటూ వెళ్ళాను. (అక్కడ నాకంటే వాళ్ళే ఎక్కువ కంగారుపడ్డారు.) నలభై దాటాక, ఆదివారం తెలుగు బడిలో పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని అఆలూ, ఆ వెంటే ఏబీసీడీలూ దిద్దాను. చదువు వచ్చినందుకు నాకు సంతోషమే. కానీ ఆ చదువేదో అప్పుడే వచ్చి ఉంటే, నా బతుకులో అన్నిటికంటే సంబరమైన ఆ వేసవి నాకు దక్కేదే కాదు. ఒక గరాజు తలుపు మీద ఏం రాసి ఉందో తెలియకపోవడం వల్లే అదంతా జరిగింది.

ముందు నా పుట్టింటి పని గురించి ఒక మాట చెప్పాలి. మాది చీరాల దగ్గర నేతపని ఊరు. జాకార్డు మగ్గం నెత్తిన ఒక పెట్టె ఉంటుంది. దానికి చిల్లుల అట్టలు ఒకదానికొకటి కుట్టిన దండ వేలాడుతూ ఉంటుంది. అట్టలో చిల్లు ఉన్నచోట దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. చీర అంచులో నెమలి రావాలన్నా మామిడి పిందె రావాలన్నా ఆ చిల్లుల మహిమే. ఆ అట్టలు కొట్టడం మా నాన్న పని. బడికి వెళ్ళాల్సిన వయసులో నేను ఆయన పక్కన కూర్చుని, గళ్ళ కాగితం చూస్తూ చిల్లులు కొట్టాను. రంగు వేసిన గడి అయితే కొట్టు, ఖాళీ గడి అయితే వదిలెయ్యి. నేను చదువుకున్న చదువు అదొక్కటే, అందులో మాత్రం నేను మా వీధికంతటికీ ఫస్టు. తరవాత మా మేనత్త కొడుకుతో పెళ్ళయింది. బావ అప్పటికే ఇక్కడ ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. నేను వచ్చాక ఒక ఇండియన్ మిఠాయి కొట్లో చేరాను. అట్టలు కొట్టిన చేతులతో అట్టపెట్టెల్లో లడ్డూలు సర్దేదాన్ని. చేతులు ఊరికే ఉండేవి కావు గానీ వాటికి ఏమీ తోచేది కాదు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం మిగిలిన లడ్డూల డబ్బా పట్టుకుని కొట్టు నుంచి నడిచి వస్తుంటే, పెళ్ళి బ్యాండు మేళాన్ని మొత్తం ఒక భోషాణంలో కూర్చోబెట్టి మూత వేస్తే ఎలా ఉంటుందో అలాంటి మోత వినపడింది. ఒక ఇంటి వెనక పెద్ద గరాజు నుంచి వస్తోంది. తలుపు ఓరగా తీసి ఉంది. దానిమీద ఎర్ర అక్షరాలతో ఏదో రాసి ఉంది. రాస్తే రాశారు, నేను లోపలికి వెళ్ళాను.

అక్కడ లారీ అంత పెట్టె ఒకటి! ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు పూతలు, వరసగా చెక్క గొట్టాలు, ఇత్తడి బూరాలు, అటొక డోలు, ఇటొక తాళం, మధ్యలో గంట కొట్టే చెక్కబొమ్మ ఒకటి. వెనక వైపు ఒక తెల్లజుట్టు ముసలాయన చెమటలు కక్కుతూ చక్రం తిప్పుతున్నాడు. తిప్పుతున్నకొద్దీ లోపల తిత్తులు గాలి ఊదుతున్నాయి, గొట్టాలు పాడుతున్నాయి. అయితే నేను చూసింది అవేవీ కాదు. పెట్టె ముందు వైపు, మడతలు మడతలుగా పేర్చిన గట్టి అట్ట ఒకటి కుడివైపు నుంచి లోపలికి వెళ్ళి ఎడమవైపు బయటికి వచ్చి పడుతోంది. ఆ అట్ట నిండా చిల్లులు!

"మా నాన్న అట్టలు! అయ్య బాబోయ్, ఇవి మా నాన్న అట్టలు!" అని గట్టిగా తెలుగులో అరిచేశాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు గానీ చక్రం ఆపలేదు. ఒక చేత్తో తిప్పుతూనే రెండో చెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు చూపించాడు. అట్ట చివరి మడత బయటికి జారి చక్రం తేలికయ్యాకే నా దగ్గరికి వచ్చాడు. (ఆయన మాటలన్నీ ఇంగ్లీషే, నావి తెలుగూ సైగలూ. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. నాకు అర్థం కానివి ఆయన చేతులు చెప్పేవి.)

"మొదలుపెట్టిన పాటను మధ్యలో ఆపకూడదు. మా తాత నేర్పిన మొదటి సంగతి అది," అన్నాడు రొప్పుతూ. తరవాత కనుబొమ్మలు ముడిచి, "తలుపు మీద రాసింది చూశావా?" అని అడిగాడు.

"చూశానండి," అన్నాను. (చూసింది నిజమే కదా.)

"అయినా లోపలికి వచ్చావా?"

"వచ్చానండి."

నా ధైర్యానికి ఆయన చాలా ముచ్చటపడ్డట్టున్నాడు. కెటిల్ పెట్టి టీ ఇచ్చాడు. ఆ రోజు నుంచి నేను ఆయన్ని మనసులో బాజా తాత అనీ, పైకి అంకుల్ అనీ పిలిచేదాన్ని. ఆ పెట్టెకు గాలిబాజా అని పేరు పెట్టుకున్నాను. వందేళ్ళకు పైబడిన యంత్రమట. జాతరల్లో రంగులరాట్నం పక్కన పెట్టి వాయించడానికి వాళ్ళ తాత ఓడలో తెప్పించాడట. నాకు కావాల్సిన సంగతి మాత్రం అట్టలోనే తెలిసింది. ఒక్కో వరసలో చిల్లుకు ఒక్కో గొట్టం పలుకుతుంది. మాకు చిల్లుంటే దారం లేస్తుంది, ఆయనకు చిల్లుంటే స్వరం లేస్తుంది. అంతే తేడా!

"మరి కొత్త పాటలు ఎవరు కొడతారంకుల్?"

ఆయన మొహం వాలిపోయింది. అట్టలు కొట్టే స్నేహితుడు ఎప్పుడో పోయాడట. ఈయన వేళ్ళు వణుకుతాయి. ఏటా ఊరి పార్కులో జరిగే జాతరలో అవే పాత పాటలు వేస్తుంటే జనం ఆగడమే మానేశారట. ఈసారి ఎవరూ ఆగకపోతే, వచ్చే ఏడాది నుంచి ఆ చోటు పిల్లలు ఎగిరే గాలికోటకు ఇచ్చేస్తామని కమిటీ చెప్పేసింది.

"మరి ఇది?"

ఆయన మూలనున్న పాత దుప్పటి చూపించాడు. దాన్ని కప్పేసి ఉంచెయ్యడమే అన్నమాట.

ఇంత గొంతున్న దానికి దుప్పటి కప్పడమా? "ఐ డూ! న్యూ సాంగ్, ఐ డూ!" అన్నాను, నాకున్న ఇంగ్లీషంతా ఒక్కసారే ఖర్చుపెట్టి. ఆయన నన్ను చూశాడు, నా చేతిలో లడ్డూల డబ్బా చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. "స్వీట్ యాజ్," అన్నాడు. అంటే ఇక్కడి వాళ్ళ లెక్కలో, ఇంకేం కావాలి, కానియ్యి అని.

ఇంటికి వచ్చి, "బావా, నేను పాట కడుతున్నా!" అన్నాను.

"నువ్వా? మొన్న నువ్వు వంటింట్లో పాడితే పక్కింటి కుక్క ఫెన్సు దూకి పోయింది. వాళ్ళు ఇంకా వెతుక్కుంటున్నారు."

"పాడేది నేను కాదు బావా, అట్ట."

"అట్ట పాడటమేంటే?"

"చిల్లు కొడితే పాడుతుంది."

బావ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "ఎండలో నడవకే, ఇక్కడి ఎండ మంచిది కాదంట," అన్నాడు.

మర్నాటి నుంచి కొట్టు అయిపోగానే గరాజుకు పరుగే పరుగు. ఆ స్నేహితుడు వదిలి వెళ్ళిన ఖాళీ అట్టలూ, చిల్లు కొట్టే యంత్రమూ అక్కడే ఉన్నాయి. ఆ యంత్రం పిడి పట్టుకోగానే నా అరచెయ్యి దాన్ని ఎప్పటి నుంచో ఎరిగినట్టు మూసుకుంది. మొదటిరోజు ఉత్సాహంగా మామిడి పిందెల అంచు ఒకటి కొట్టాను. మా ఊళ్ళో అది కొడితే ఎవరైనా చీర పట్టుకు వెళ్ళాల్సిందే. తాత చక్రం తిప్పాడు. టిక్, టిక్, టక్, టిక్. పెరట్లో కోళ్ళు గింజలు పొడుస్తున్నట్టుంది. నేను బిక్కమొహం వేశాను. తాత పాత అట్ట ఒకటి తీసి, వేలితో పొడుగు చిల్లు ఒకటి చూపించి "ఊఊఊ" అన్నాడు. పొట్టి చిల్లు చూపించి "ఉ" అన్నాడు. ఓహో! మా అట్టలో చిల్లులన్నీ ఒకే సైజు. ఇక్కడ చిల్లు ఎంత పొడుగుంటే పాట అంత సేపు పలుకుతుందన్నమాట.

అది తెలిశాక నన్ను పట్టుకోవడం ఎవరి తరం? మర్నాడు పురి విప్పిన నెమలిని కొట్టాను, మెడ దగ్గర నుంచి తోక దాకా అన్నీ పొడుగు చిల్లులే. మా నాన్న చూస్తే భుజం తట్టేవాడు. తాత చక్రం తిప్పాడు. ఆ బూరాలన్నీ ఒక్కసారిగా ఎత్తిన గొంతుకు గరాజు కప్పు మీది పిచ్చుకలు లేచిపోయాయి, పక్క వీధిలో కారు అలారం మోగింది. తన నియమం ప్రకారం తాత చివరిదాకా తిప్పాడు, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని. ఆఖరి మడత బయటపడ్డాక చెవులు రుద్దుకుంటూ అడిగాడు.

"ఏమిటది?"

"నెమలండి."

"అదే అనుకున్నాను," అన్నాడు.

ఇలా కాదని, పెద్ద అట్ట మీద నిచ్చెన మెట్లలాగా వరసకు ఒక్క చిల్లు కొట్టి, ఏ వరస ఏ గొంతో విన్నాను. వాటికి నేనే పేర్లు పెట్టుకున్నాను. అడుగు వరస మా మేనత్త గొంతు, దానిపైది ఎయిర్‌పోర్టు బస్సు, ఆ పైది కుక్కర్ ఈల వేసే ముందు చేసే చప్పుడు. వింటూంటే కొన్ని వరసలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి, కొన్ని తోటికోడళ్ళలా కలవడం లేదు. కలవనివి వదిలేసి కలిసేవే పెట్టుకున్నాను. అప్పుడు నెమళ్ళూ పిందెలూ మానేసి, చిన్నప్పుడు మొట్టమొదట నేర్చుకున్న గోపురం అంచు గుర్తు చేసుకున్నాను. మెట్టు మెట్టుగా పైకి వెళ్తుంది, కొసన ఒక కలశం, మెట్టు మెట్టుగా కిందికి వస్తుంది, మళ్ళీ పక్కన ఇంకో గోపురం. మెట్లు పొడుగ్గా, కలశం చిన్నగా కొట్టాను. ఒక గోపురానికీ ఇంకో గోపురానికీ మధ్య వచ్చే చిన్న మొగ్గ దగ్గర కుక్కర్ వరసలో ఒక చిన్న గమ్మత్తు పెట్టాను.

తాత చక్రం తిప్పాడు. పాట మెట్లెక్కింది!

నిజంగా ఎక్కింది. పైన కలశం దగ్గర ఒక్క క్షణం ఆగి చుట్టూ చూసి, పిల్లలు మెట్ల మీద నుంచి దిగినట్టు గునగునా దిగింది. అది అంతకుముందు లోకంలో లేదు. ఎవరూ పాడలేదు, ఎవరూ వినలేదు. నా అరచేతిలోంచి ఇప్పుడే వచ్చింది. నేను గరాజులో గెంతులేశాను. తాత అట్టను మళ్ళీ మొదటికి పెట్టి ఇంకోసారి తిప్పాడు, తరవాత మరోసారి. టీ పెట్టడం కూడా మర్చిపోయాడు.

ఇక్కడ బోటనీ ఆంటీ గురించి చెప్పాలి. బోటనీ డౌన్స్‌లో ఉంటారు కనుక ఆ పేరు. తెలుగు వాళ్ళ పండగలకు ఆటాపాటా అంతా ఆవిడ చేతుల మీదే నడిచేది. సంగీతం నేర్చుకున్న మనిషి, గొంతు విప్పితే గది సర్దుకుని కూర్చుంటుంది. జాతరలో కోలాటం వెయ్యమని కమిటీ వాళ్ళు అడిగారట, వచ్చేవాళ్ళకు మిఠాయి చెప్పడానికి మా కొట్టుకు వచ్చారు. "స్పీకర్ తెచ్చుకుని పాట పెట్టేస్తాం," అంటున్నారు ఫోన్లో ఎవరితోనో. నా నోరు ఊరుకోలేదు.

"ఆంటీ, స్పీకర్ ఎందుకండీ? అక్కడ గాలిబాజా ఉంటుంది. దానికి పాట నేనే కడుతున్నాను."

ఆవిడ కళ్ళజోడు కిందికి దించారు. "నువ్వా అమ్మాయ్? సంగీతం నేర్చుకున్నావా?"

"లేదండి."

"స్వరం రాయడం వచ్చా?"

"రాయడమే రాదండి."

"మరెలా కడతావు?"

"అట్ట కొడతానండి."

ఆవిడ లడ్డూలు కూడా తీసుకోకుండా నన్ను కారెక్కించుకుని గరాజుకు వచ్చేశారు. (మా ఓనర్ ఆ రోజు నన్ను ఏమన్నాడో ఇక్కడ అనవసరం.) తాత చక్రం తిప్పాడు. ఆంటీ మెడ ఒక పక్కకు వాల్చి విన్నారు.

"ఏయ్, మోహన రాగమే ఇది!"

"మోహన ఎవరండీ?" అన్నాను కంగారుగా. ఇంకెవరి పాటో నా పాటలోకి వచ్చేసిందేమోనని భయం వేసింది.

ఆవిడ పకపకా నవ్వారు. "మంచావిడేలే, భయపడకు. బాగా కట్టావమ్మాయ్. కానీ తాళం ఏదీ? కోల వెయ్యడానికి మా వాళ్ళకి దెబ్బ కావాలి కదా." అంటూ గాలిబాజా చెక్క మీద అరచేత్తో వేసి చూపించారు, తకధిమి, తకధిమి. ఆ దెబ్బ చూడగానే నాకు అంచు కింద వరసగా వచ్చే రుద్రాక్షలు కనిపించాయి. డోలు వరసలో రుద్రాక్షలు కొట్టేశాను, నాలుగోదాని దగ్గర తాళం. ఈసారి పాట మెట్లెక్కుతుంటే డోలు పక్కన నడిచింది. ఆంటీ అక్కడికక్కడే చీర కుచ్చెళ్ళు దోపి అడుగు వేశారు. "చాలు! మా వాళ్ళకి ఒక్కటే చెప్తాను. పాట ఆగేదాకా కోల ఆగకూడదు. మధ్యలో ఎవరాపినా నేనూరుకోను," అన్నారు.

జాతరకు ముందు రోజు తాత ఒక మార్కర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన పాత అట్టలన్నిటికీ మొదటి మడత మీద పాట పేరూ, కట్టినవాళ్ళ పేరూ ఉంటాయి. "నీది కూడా రాయి, డియర్." మార్కర్ అటూ ఇటూ తిప్పాను. లోకంలో లేని పాట కట్టినదాన్ని, దానికి పేరు రాయలేను. "చేతికి లడ్డూ జిడ్డుంది అంకుల్, రేపు రాస్తా," అన్నాను. ఆయన సరేనన్నాడు.

జాతర రోజు పొద్దున్నే పార్కుకు వెళ్ళాను. గుండె రుద్రాక్షలు కొడుతోంది. గాలిబాజాను ట్రైలర్ మీద తెచ్చి పెట్టేశారు, తాత ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఎదురుగా కమిటీ వాళ్ళు గాలికోటను కూడా తెచ్చి, చూడటానికన్నట్టు, ఊది నిలబెట్టారు. నా అట్టను చూసుకుందామని వెళ్తే ఏం కనిపించింది? అట్టను పెట్టెకు ఎక్కించారు గానీ, దాని రెండు కొసలూ విడివిడిగా ఉన్నాయి! నాకు చెమట పట్టింది. కొసలు కలపకుండా అట్టల దండను మగ్గం ఎక్కిస్తారా ఎవరైనా? ఒక గోపురం నేసేసరికి దండ అయిపోతే చీర మిగతాదంతా ఏమవుతుంది? మా ఊళ్ళో కొసలు ముడెయ్యడం మర్చిపోతే మా నాన్న వీధి దద్దరిల్లేలా తిట్టేవాడు. పాపం తాత, పెద్దవాడు, మర్చిపోయినట్టున్నాడు అనుకున్నాను. ఆయన్ని కంగారు పెట్టడం ఎందుకని, మిఠాయి డబ్బాలు కట్టే నైలాను తాడు తీసి రెండు కొసలూ కలిపి కుట్టి, మా ఇంటి ముడి వేశాను. ఆ ముడి వేసినవాళ్ళు విప్పితేనే విడుతుంది. నా పాట చిన్నది, పాత అట్టల్లాగా గుట్ట కాదు. అందుకని పెట్టె కింద ఒక చీపురుకర్ర అడ్డంగా పెట్టి, దాని చుట్టూ దండ వేలాడదీశాను. అచ్చం మా ఇంట్లో మగ్గానికి వేలాడినట్టే ఉంది. చూసుకుని మురిసిపోయాను.

తాత వెనక్కి వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. ఆంటీ వాళ్ళు పట్టుచీరల్లో రెండు వరసల్లో నిలబడ్డారు. పాట మెట్లెక్కింది, కోలలు కలిశాయి. పానీపూరీల దగ్గర వాళ్ళు తలలు తిప్పారు, సాసేజులు కాల్చేవాళ్ళు పట్టకారు పట్టుకుని వచ్చేశారు. గాలికోట మీద ఎగురుతున్న పిల్లలు దిగి బూట్లు లేకుండానే పరుగెత్తుకొచ్చారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పాట దిగింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది. మళ్ళీ ఎక్కింది.

కొంతసేపటికి ఆంటీ నా పక్కగా తిరుగుతూ వచ్చి, కోల ఆపకుండానే అడిగారు. "అమ్మాయ్! ఎంతుందే నీ పాట?"

"ఎంత కావాలంటే అంతుందాంటీ!" అన్నాను గర్వంగా.

ఆవిడ మొహంలో ఏదో మారింది గానీ అప్పటికే వరస ఆవిడను అటు లాక్కుపోయింది. పెట్టె వెనక తాత చొక్కా తడిసి ముద్దయింది. అట్ట జారి చక్రం ఎప్పుడు తేలికవుతుందా అని ఆయన చూస్తున్నాడు. అది తేలికవడం లేదు. "పాటను పెద్దది చేసినట్టున్నావు, ఏం?" అన్నాడు నాతో, నాలిక బయటపెట్టి. గడ్డమున్న ఒక పెద్ద మనిషి చూడలేక వచ్చి చక్రం అందుకున్నాడు. ఆయన తరవాత ఇంకొకరు. కాసేపటికి చక్రం తిప్పడానికి క్యూ కట్టారు. ఇటు ఆంటీ మనుషులు పాట ఆగేదాకా కోల ఆపకూడదు. పాటేమో ఆగదు. కాళ్ళు పీకుతున్నవాళ్ళు చూస్తున్నవాళ్ళ చేతుల్లో కోలలు పెట్టి పక్కకు తప్పుకోవడం మొదలెట్టారు. టోపీల వాళ్ళూ, నిక్కర్ల వాళ్ళూ, ఐస్‌క్రీమ్ పట్టుకున్న ఒక బామ్మగారూ కోలాటం వేస్తున్నారు. కమిటీ పెద్దాయన పాట అయ్యాక రెండు మాటలు చెబుదామని మైకు పట్టుకుని నిలబడి, చివరికి మైకు కుర్చీలో పెట్టి ఆయనా ఒక జత కోలలు తీసుకున్నాడు.

బావ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఒసేయ్, ఆపవే! జనం పడిపోయేలా ఉన్నారు!"

"ఆపడమేంటి బావా? చీర ఇంకా అవ్వలేదుగా!"

"చీరేంటే? ఇక్కడ చీరెక్కడుంది?"

అప్పుడు ఆగాను. నిజమే, చీరెక్కడుంది? అంతలో చక్రం వదిలేసి మంచినీళ్ళు తాగిన తాత, మొదటిసారిగా పెట్టె ముందుకు వచ్చాడు. అట్ట చూశాడు. చీపురుకర్ర చూశాడు. ముడి చూశాడు. వంగి మరీ చూశాడు. నా వైపు తిరిగి, "డియర్, ఇది ఎక్కడ అయిపోతుంది?" అని అడిగాడు.

"అయిపోవడమా?" అన్నాను.

ఒట్టు, పాట అయిపోవాలన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. గరాజులో తిప్పినవన్నీ నమూనా ముక్కలే అనుకున్నాను. అంచు అయిపోతుందా ఎక్కడైనా? నేసేవాడు చాలనుకున్నచోట చీర కోస్తాడు గానీ, అట్ట దాని మానాన అది తిరుగుతూనే ఉంటుంది.

తాత ముందు పొట్ట పట్టుకున్నాడు, తరవాత పెట్టె పట్టుకున్నాడు, ఆ తరవాత గడ్డి మీద కూర్చుండిపోయి కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. "ఆపమంటారా?" అని చక్రం దగ్గరి కుర్రవాళ్ళెవరో అడిగారు. ఆయన చెయ్యి అడ్డం ఊపాడు. "వద్దు. మొదలుపెట్టిన పాటను నేను ఆపను. ఆవిడ కట్టింది, ఆవిడే ఆపాలి."

నేను వెనక్కి వెళ్ళి చక్రం పట్టుకున్నాను. అన్నాళ్ళూ ఆ గరాజుకు వెళ్ళానే గానీ ఒక్కసారీ తిప్పలేదు. తిత్తుల గాలి నా భుజాల్లోకి కొట్టింది. నేను తిప్పితే నా పాట ఎక్కుతోంది, నేను తిప్పితే దిగుతోంది. ఆపాలి. ఈ గోపురం అయ్యాక ఆపుదామనుకున్నాను. దాని తరవాత పక్క గోపురం ముద్దుగా ఉంది. సరే, ఇదొక్కటి. ఇదీ అయ్యాక ఇంకొక్కటి.

"అమ్మాయ్, నా మోకాళ్ళు!" అని ఆంటీ కేక పెట్టారు.

ఆపాను. గాలిబాజా పొడుగ్గా నిట్టూర్చి, మేసొచ్చిన ఆవు కూలబడ్డట్టు మెల్లగా సద్దుమణిగింది. పార్కంతా గడ్డి మీద పడి చప్పట్లు కొట్టింది. కమిటీ పెద్దాయన వగరుస్తూ మైకు తీసుకుని రెండే మాటలన్నాడు. "మళ్ళీ ఏడాది." తరవాత గాలికోటను పార్కింగు పక్కకు తరలించారు. దుప్పటి మూలలోనే ఉండిపోయింది.

ఆ తరవాత ఏటా జాతర ముందు తాత మార్కర్ తెచ్చేవాడు. "పేరు రాస్తావా, డియర్?" "రేపు రాస్తా అంకుల్." ఆ రేపు ఎందుకు రావడం లేదో ఆయన ఎప్పుడూ అడగలేదు. పసిగట్టింది బోటనీ ఆంటీ. ఏళ్ళ తరబడి వెంటపడి, తప్పించుకు తిరుగుతున్న నన్ను చివరికి పిల్లల కుర్చీలో కూలేసి అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే. నా వాక్యాలు చూసి ఇప్పటికీ కసురుతారు. "చుక్క పెట్టవే అమ్మాయ్! చుక్క పెట్టకపోతే నీ వాక్యం కూడా నీ పాటలాగే తిరుగుతుంది."

బాజా తాత ఇప్పుడు లేరు. వాళ్ళమ్మాయి గాలిబాజా చూసుకుంటోంది. ఈ వేసవిలో నేనే మార్కర్ కొనుక్కుని వెళ్ళాను. గరాజు తలుపు మీద ఎర్ర అక్షరాలు కూడబలుక్కుని చదివాను. లోపలికి రాకూడదు, కరిచే కుక్క ఉంది. (అన్నేళ్ళలో ఆ ఇంట్లో కుక్క ఉండగా నేను చూడలేదు.) అక్కడ చాలాసేపు నిలబడ్డాను. ఆ ఎర్ర అక్షరాల ముందు నుంచి లడ్డూల డబ్బా ఊపుకుంటూ లోపలికి వెళ్ళిపోయిన ఆ పిల్ల ఎవరో, దానికి ఎంత ధైర్యమో అనిపించి నవ్వొచ్చింది. కొంచెం అసూయ కూడా కలిగింది.

నా అట్ట మేకుకు దండలా వేలాడుతోంది. ముడి అలాగే ఉంది, ఎవరూ విప్పలేదు. మొదటి మడత మీద పేరు రాద్దామని మార్కర్ మూత తీశాను. మొదటి మడత ఎక్కడుంది? చుట్టూ తిప్పి చూశాను. మొదలూ లేదు, చివరా లేదు. పేరు రాయడం వచ్చేనాటికి, రాసే చోటు లేకుండా ఎప్పుడో నేనే కుట్టేశాను. చివరికి ముడి పక్కనే, వంకర అక్షరాలతో, గోపురం అంచు అని రాసి, కింద నా పేరు రాశాను. ఆంటీ గుర్తొచ్చి, మరిచిపోకుండా చుక్క కూడా పెట్టాను.

వాళ్ళమ్మాయి అట్టను పెట్టెకూ చీపురుకర్రకూ ఎక్కించి చక్రం తిప్పింది. పాట మెట్లెక్కింది. నేను పెట్టిన చుక్క కుడివైపు నుంచి లోపలికి వెళ్ళింది, ఎడమవైపు బయటికి వచ్చింది, చీపురుకర్ర చుట్టూ తిరిగి మళ్ళీ నా ముందు నుంచి వెళ్ళిపోయింది.